చిరుగు కనబడాలి

మా అక్క కుట్టిన కుట్టు కంటికి కనబడదు. మా వ్యాపారాన్ని ముంచబోయింది అదే.

మాట వరసకు అంటున్నానని అనుకోకండి. కోటుకి పురుగు కొట్టి చిల్లు పడిందనుకోండి. మా అక్క ఆ కోటు లోపలి మడతలోంచే సన్నటి దారాలు లాగి, వాటితోనే చిల్లు మీద నిలువూ అడ్డమూ అల్లుతుంది. అల్లడం అయ్యాక చిల్లు ఏదీ అని అడిగితే ఆ కోటు వేసుకునే మనిషి కూడా చెప్పలేడు. దీన్ని రఫూ అంటారు. రఫూ చేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, కాదనను. వాళ్ళు చేసింది వేలితో తడిమితే గట్టిగా తగులుతుంది. మా అక్క చేసింది తడిమినా తెలీదు. ఇదేదో సొంత అక్క కదాని పొగుడుతున్నాననుకునేరు. నాకు పొగడ్డం చేతకాదు. మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు, నాకు వచ్చిందల్లా తిట్టడమే.

ఆ పని మీదే అక్క ఇన్నాళ్ళూ బతికింది. బావ పోయాక మా ఇంటికొచ్చేసింది. మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో నా కుట్టుమిషను, దాని పక్కన అక్క మంచం. పొద్దున్నే లాండ్రీకి వెళ్ళేది. అక్కడ కిటికీ దగ్గర ఆమెకో బల్ల ఉండేది. జీతం రాగానే ఇంటి ఖర్చులో తన వాటా తెచ్చి నా చేతిలో పెట్టేది. వద్దంటే ఆ పూట భోజనానికి లేచేది కాదు.

"ఊరికే కూర్చుని తినలేనే చిట్టీ," అనేది.

చిట్టీ అంటే నేనే. జుట్టు నెరిసిపోతున్నా ఆమెకు నేను చిట్టీనే. నోట్లో నాలుక లేని మనిషి అక్క. ఆ ఒక్క విషయంలో మాత్రం ఒట్టి మొండిఘటం.

ఈ ఏడాది మొదట్లో లాండ్రీ ఆయన ఆ కిటికీ దగ్గర బల్ల తీసేసి ఆవిరి ఇస్త్రీ మిషను పెట్టాడు. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను గానీ, తిట్టడానికి ఏమీ దొరకలేదు. "ఇప్పుడు బాగుచేయించుకునేదెవరమ్మా? చిరిగితే పారేసి ఇంకోటి కొనుక్కుంటున్నారు. మీ అక్కగారికి పనివ్వక ఎన్నాళ్ళయిందో ఆవిడనే అడగండి. ఊరికే కూర్చోలేక షాపులో పరదాలన్నీ విప్పి మళ్ళీ కుట్టింది," అన్నాడు. అక్క నాతో ఈ ముక్క చెప్పనేలేదు. వచ్చేటప్పుడు ఆయన పెద్ద పెద్ద మూటలు ఆటోలో వేయించాడు. బట్టలు ఉతకడానికిచ్చి మళ్ళీ రాని మనుషుల కోట్లూ ప్యాంట్లూ. ఉంచుకోలేడు, పారేయలేడు. ఆ తద్దినం మా నెత్తిన పెట్టాడనుకున్నాను అప్పుడు.

ఆ వారమే తమ్ముడు ఫోన్ చేశాడు.

"చిన్నక్కా, పెద్దక్కకి ఒక చోటు చూశాను. పెద్ద ఇల్లు. మంచం మీదున్న ముసలావిడ. రాత్రీ పగలూ ఆవిడతోనే ఉండాలి. భోజనం, గది అన్నీ వాళ్ళవే. కాకపోతే ఊరు దూరం, సెలవులుండవు. నెలాఖరులోగా వస్తుందో రాదో చెప్పాలి."

"నీ మొహం! మా అక్క కన్నూ చేయీ ఉన్న మనిషి. ముసలమ్మ పక్కబట్టలు మార్చడానికి పంపుతావా?"

"నేనేం చెయ్యను చిన్నక్కా? నీ దగ్గర ఊరికే ఉండమంటే ఉంటుందా? నువ్వే చెప్పు."

ఫోన్ పెట్టేశాను. అక్క అంతా వింటూనే ఉంది. "మంచిదేగా, వాళ్ళెవరో గాని," అంది. లోపలికి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. వెళ్ళడం ఆమెకు ఇష్టం లేదని నాకు తెలీదా? అక్క వెళ్ళకూడదు. వెళ్ళకుండా ఉండాలంటే ఆమె చేతికి పని ఉండాలి. ఇంతకు మించి నేనేం కోరలేదు.

పెళ్ళికి ముందు నేను స్కూలు బ్యాగుల వర్క్‌షాపులో పనిచేశాను. జిప్పులు, పట్టీలు, అడుగు అతకడం నాకు కొట్టినపిండి. మూటలు విప్పి చూస్తుంటే ఒక బూడిదరంగు కోటు జేబు నా కంటపడింది. ఆ జేబు ముందుకొచ్చేలా కోటు కత్తిరిస్తే చక్కటి భుజం సంచీ అవుతుంది. లోపలి పట్టు అస్తరు అలాగే ఉంచొచ్చు. ప్యాంటు నడుం పట్టీ భుజం పట్టీ అవుతుంది. ఇలాంటి సంచులకి ఈ మధ్య భలే గిరాకీ అని వింటున్నాను. పాతవాటితో చేసినవంటే ఎగబడి కొంటున్నారట.

"అక్కా, నువ్వు చిల్లులు పూడ్చు. నేను సంచీలు కుడతాను. ఇద్దరం కలిసి అమ్ముదాం," అన్నాను.

అక్క మొహం చూడాలి అప్పుడు! వెంటనే కళ్ళద్దాలు తుడుచుకుని సూది అందుకుంది.

మా ఆయన సాయంత్రం హార్డ్‌వేర్ షాపు నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. గదంతా కోట్లే. "ఇంతమంది పెద్దమనుషులు వచ్చారే, టీలు ఇచ్చారా?" అన్నాడు. తర్వాత ఒక సంచీ భుజాన వేసుకుని అద్దం ముందుకెళ్ళాడు. "కోటు తొడుక్కునే యోగం ఎలాగూ లేదు. ఇలాగైనా భుజానికెక్కింది. కదా వదినా?" అన్నాడు. అక్క పకపకా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

సంచులు తయారయ్యాక నా కళ్ళు నేనే నమ్మలేకపోయాను. పురుగు కొట్టినవీ, సిగరెట్టు నిప్పుకి కాలినవీ, మోచేతుల దగ్గర అరిగినవీ, ఒక్కటి కూడా పాతదిలా లేదు. షోరూంలో పెట్టినట్టున్నాయి. మా పిచ్చి మొహాలకి అదే గొప్పనుకున్నాం.

ఆదివారాల్లో ఒక పెద్ద హాల్లో పాత సామాన్లతో కొత్త వస్తువులు చేసేవాళ్ళంతా బల్లలు వేసుకుని అమ్ముతారు. మేమూ ఒక బల్ల తీసుకున్నాం. 'పాత కోట్లతో చేసిన సంచులు' అని అట్టముక్క మీద రాసి పెట్టాను. పక్క బల్లాయన సైకిల్ ట్యూబులతో పర్సులు చేసి తెచ్చాడు. పంక్చర్ అతుకులు కూడా వాటిమీద అలాగే ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన బల్ల ముందు ఇసకేస్తే రాలని జనం. మా దగ్గరికొచ్చినవాళ్ళు సంచీ ఎత్తి చూడడం, అట్టముక్క చదవడం, మళ్ళీ సంచీ చూడడం.

"ఇవి కొత్త బట్టే కదండీ?" అంది ఒకావిడ.

"కాదండీ, పాత కోట్లే. ఈ ముక్క నిండా చిల్లులే. మా అక్క బాగుచేసింది."

"ఎక్కడ చిల్లులు?"

నేను సంచీ తీసుకుని చూశాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. వెలుతురుకి పట్టుకున్నాను. కనబడితే కదా! "అక్కా, చిల్లు చూపించు," అన్నాను. అక్క అద్దాలు సర్దుకుని వేలితో తడిమింది. ఆమె వేలికీ దొరకలేదు. "ఇక్కడే ఎక్కడో ఉండాలమ్మా," అంది సిగ్గుపడుతూ.

ఆవిడ సంచీ బల్ల మీద పెట్టేసింది. "కొత్త బట్ట కొత్త బట్టేనని చెప్పి అమ్ముకోవచ్చు కదండీ. అబద్ధాలెందుకు?" అని వెళ్ళిపోయింది. పోనీ గట్టిగా అన్నా నేనూ నాలుగు కడిగేసేదాన్ని. మెత్తగా, జాలిగా చెప్పింది మహాతల్లి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఏం లాభం? ఎవర్ని తిట్టను?

సాయంత్రం దాకా ఇదే వరస. సర్దుకుంటుంటే ఒక షాపావిడ వచ్చింది. అక్కడ బల్లలవాళ్ళందరికీ ఆవిడ తెలుసు. ఇలాంటి వస్తువులు అమ్మే పెద్ద దుకాణం ఆవిడది. మా సంచుల్ని లోపలా బయటా చూసింది. నేను చెప్పిందంతా ఓపిగ్గా వింది, నమ్మింది కూడా. ఆ మాత్రానికే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"తయారీ చాలా బాగుంది. కానీ నా దగ్గరికొచ్చేవాళ్ళు పాతదనాన్ని చూసి కొంటారండీ. చిరుగు కనబడాలి. అతుకు కనబడాలి. వేరే రంగు దారంతో పెద్ద పెద్ద కుట్లు, కొంచెం వంకరగా ఉన్నా సరే. చేత్తో చేసిందని తెలియాలి. అలాంటివి కొన్ని చేసి వచ్చే ఆదివారంలోగా షాపుకి తీసుకురండి. బాగుంటే ప్రతి నెలా తీసుకుంటాను," అంది.

ప్రతి నెలా! దారంతా నేను మాట్లాడుతూనే ఉన్నాను. అక్క వింటూ కూర్చుంది. ఇల్లు చేరాక, "అయితే పూడ్చకూడదన్నమాట," అంది.

"పూడ్చకు. చిల్లు చుట్టూ ఎర్ర దారంతో కుట్టి వదిలెయ్. అంతే. సగం పని తగ్గిందిగా!"

"అంతేలే," అంది అక్క.

మర్నాడు పొద్దున నేను మిషను దగ్గర కూర్చునేసరికి ఒక కోటు ముక్క మడతపెట్టి ఉంది. విప్పాను. చిల్లు లేదు.

"అక్కా!"

"అయ్యో, పూడ్చేశానా? ఎర్ర దారం ఎక్కిద్దామనే కూర్చున్నానే. చేయి దానంతటదే పోయింది."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సరే, అతుకు వేయమన్నాను. వేసింది. అతుకు బట్ట నేత ఎటుందో చూసి, కింద బట్ట నేతతో కలిపి, గీతకి గీత ఆనించి వేసింది. అతుకెక్కడో కనబడదు. పచ్చ బట్ట మీద ఎర్ర గుడ్డ ఇచ్చి వేయమన్నాను. అది కనబడింది గానీ, అంచు దగ్గర కుట్టు అనేది ఉంటేగా! మిల్లులో అలాగే నేసినట్టుంది. ఎర్ర దారం ఏదీ అంటే బట్ట తిరగేసి లోపలివైపు చూపించింది. "పైకి కనబడితే బాగోదని," అంది.

"కనబడాలే మహాతల్లీ, కనబడడానికే! నాకు బీపీ తెప్పించకు!"

"కోప్పడకే. నేర్చుకుంటాను."

కోప్పడకుండా ఎలా ఉండను? ఆదివారం ముంచుకొస్తోంది. తమ్ముడు రెండుసార్లు ఫోన్ చేశాడు. అక్క నా అరుపులకి భయపడి ఒక్కో చిల్లునీ చూసి అలాగే పట్టుకుని కూర్చునేది. సూది గుచ్చడానికి కూడా జంకేది, గుచ్చిందంటే మాత్రం పూడ్చేసేది. చూస్తుండగానే చిల్లున్న ముక్క ఒక్కటీ మిగల్లేదు. మా ఆయన జోకులు మానేసి షాపు నుంచి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు.

ఇక లాభం లేదని, అక్క దారాలు కొనడానికి బజారుకెళ్ళినప్పుడు నేనే బ్లేడు తీసుకుని కూర్చున్నాను. ఆమె చేసిన రఫూ విప్పేస్తే కింద చిల్లు ఉంటుంది కదా, దాని చుట్టూ నేను కుట్టేస్తానని నా ఆలోచన. బ్లేడు పట్టుకుని బట్టంతా వెతికాను. కిటికీ దగ్గర వెతికాను, దీపం కింద పెట్టి వెతికాను. ఒక్క రఫూ దొరకలేదు. మా అక్క ఒక్క చోట, ఒక్క దారం దగ్గరైనా తప్పు చేసి ఉంటే బాగుండునని ఏడ్చుకుంటూ వెతికాను. చివరికి కత్తెర తీసుకుని, ఏ తప్పూ లేని బట్ట మధ్యలో పొడిచి చించాను. ఎర్ర గుడ్డ లోపల పెట్టి, ఇష్టమొచ్చినట్టు పెద్ద పెద్ద కుట్లు వేశాను. అది అయ్యాక ఇంకోటి చించాను. తర్వాత ఇంకోటి.

అక్క వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎలుక కొట్టిందా?" అంది కంగారుగా.

నా చేతిలో కత్తెర చూసింది. మెల్లిగా వచ్చి కింద పడిన ఉన్ని పీచు ఏరి దోసిట్లో వేసుకుంది. ఎక్కడ పారేయాలో తెలీనట్టు కాసేపు అలాగే నిలబడి, ఆఖరికి చెత్తబుట్టలో వేసింది. నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

షాపావిడ ఆ సంచులు చూసి మురిసిపోయింది. ఒక్కోటీ తీసి గాజు అరలో పెట్టి, దూరం జరిగి చూసుకుంది. "ఇదీ! ఇదే నాకు కావలసింది! ఈ కుట్టులో ఎంత నిజాయితీ ఉందో!" అంది. అంతటితో ఊరుకోలేదు, మా అక్క రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "ఈ చేతులే కదండీ కుట్టింది? మీరు చల్లగా ఉండాలి," అంది. మనసారా అంది, అందులో దొంగ మాట ఒక్కటి లేదు.

నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

"మా చెల్లెలు కుట్టిందండీ," అంది అక్క. "నాకింకా రాలేదు."

ఆర్డరు ఇచ్చింది. నెలనెలా తీసుకుంటుందట. ఎవరైనా అయితే ఎగిరి గంతేస్తారు. ఇంటికొచ్చి నేను మిషను మీద తలపెట్టి కూర్చున్నాను. అక్క మంచం మీద కూర్చుంది.

"మరి నేనేం చెయ్యాలే?" అంది.

"దారాలు కత్తిరించు. ఇస్త్రీ చెయ్యి. గుండీలు విప్పు. బోలెడు పనుంది!"

చేసింది. ఇస్త్రీ చేసింది, గుండీలు విప్పి రంగులవారీగా సీసాల్లో పోసింది. పొద్దున మొదలుపెడితే టీ వేళకల్లా ఆమె పని అయిపోయేది. తర్వాత నా వెనక కూర్చుని నేను బట్ట చించడం చూసేది. నేను చించినప్పుడల్లా ఆమె కుడిచేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళ మీద ఏదో అల్లుతున్నట్టు కదిలేవి. నా వీపుకి కళ్ళున్నట్టు అది నాకు తెలుస్తూనే ఉండేది.

నెలాఖరుకి ముందు తమ్ముడు మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి అక్కే అందుకుంది. "వస్తానని చెప్పరా," అంది.

నేను కత్తెర పక్కన పడేసి ఆమె వైపు తిరిగాను.

"వస్తావా? ఎక్కడికెళ్తావు? ఈ చెత్తంతా ఎవరికోసం నెత్తికెత్తుకున్నాను నేను? నాకు సరదానా? నీకోసం మొదలుపెడితే, తీరా నాలుగు డబ్బులు కనబడే వేళకి నువ్వెళ్తావా?"

"నాకు కోపమేం లేదే చిట్టీ. వ్యాపారం బాగుంది. నువ్వు చేసుకుంటావు. నాకిక్కడ పని లేదు కదా."

"గుండీలో?"

"గుండీలు మరిది టీవీ చూస్తూ విప్పేస్తాడు."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి, "నేను విప్పను వదినా, ఒట్టు. నన్ను కొట్టినా విప్పను," అన్నాడు. జోకులాగే అన్నాడు గానీ మా వైపు చూడలేకపోయాడు. అక్క నవ్వబోయి నవ్వలేకపోయింది. నాకు దుఃఖం ఆగలేదు. చిన్నప్పుడు కూడా ఆమె ముందు అంత గట్టిగా ఏడవలేదు. "వెళ్ళకే అక్కా, వెళ్ళొద్దే," అని అదే మాట పట్టుకుని ఏడ్చాను. అంతకు మించి నా దగ్గర ఏమీ లేదు. ఆమెకు తగిన పని ఈ లోకంలో ఎవరి దగ్గరా లేదు, దాన్ని ఎక్కణ్ణుంచి తేను?

అక్క లేచి చీర చెంగుతో నా మొహం తుడిచింది. తమ్ముడికి మళ్ళీ ఫోన్ చేసి, "వాళ్ళకి అప్పుడే చెప్పకు. కాసేపాగి చెబుతాను, ఉండరా," అని పెట్టేసింది. నా మిషను పక్కన నేల మీద కూర్చుని, నేను చించి పెట్టిన ముక్క ఒళ్ళోకి తీసుకుంది. సూదికి ఎర్ర దారం ఎక్కించింది.

"చూపించు," అంది. "నువ్వెలా కుడతావో."

నేను చూపించాను. ఆమె కుట్టింది. సన్నగా, తిన్నగా, ఒకే కొలతలో పడ్డాయి కుట్లు. విప్పేసింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ అవే. సూది ఉన్న చేతిని కోపంగా చూసుకుంది. మా అక్క మొహంలో కోపం నేను చూడడం అదే మొదలు. ఆ చేతిని తన తొడ కింద పెట్టుకుని గట్టిగా నొక్కి కూర్చుంది. సూది ఎడంచేత్తో పట్టుకుంది.

సూది ఎక్కడో దిగి ఎక్కడో తేలింది. వేలికి గుచ్చుకుంది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ కుట్టింది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి అసలు అంచుకే తగల్లేదు. తొడ కింద కుడిచేయి ఒకసారి బయటికి రాబోయింది. ఆమె దాన్ని మళ్ళీ లోపలికి తోసింది. వరస అయ్యాక ముడేసి, దారం పళ్ళతో కొరికి, బట్ట ఎత్తి నాకు చూపించింది. బళ్ళో పలక చూపించే పిల్లలా నా మొహం వంక ఆశగా చూస్తోంది.

"ఇలాగేనా? సరిపోతుందా?"

మా ఆయన అక్కడ ఉండలేక లోపలికెళ్ళిపోయాడు. నేను బట్ట చేతిలోకి తీసుకుని చూశాను. నా కుట్టుకన్నా ఇంకా కొంచెం తిన్నగానే ఉంది.

"ఇంకొంచెం వంకరగా కుట్టు అక్కా," అన్నాను.